చర్చి యూత్ కూరగాయల తోటలో సేవ చేయాలంటే: మొదటి రోజు నుంచి వేసవి దాకా

అందరికీ వందనాలు. వానలు పడబోయే ముందు ఒకసారి, మళ్లీ దసరా సెలవులప్పుడు ఒకసారి, ప్రతి ఏడూ ఇదే మెసేజ్ వస్తుంది. "అన్నా, మా యూత్‌వాళ్లం పాటలూ స్కిట్లూ కాకుండా ఈసారి ఒళ్లు వంచి ఏదైనా చేద్దామనుకుంటున్నాం, హాస్టల్ వెనక ఖాళీ జాగా ఉంది, కూరగాయలు వేసి వాళ్లకే ఇచ్చేద్దామని, ఎక్కడ మొదలెట్టాలి?" ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక మొత్తం ఇక్కడ రాసేస్తున్నా, మీ గ్రూపులో పెట్టుకోండి.

ఒకటి ముందే చెప్పేస్తా. మొక్కలు నాటే రోజు నలభై మంది వస్తారు, బ్యానర్ వస్తుంది, ఫొటోలు వస్తాయి. ఏప్రిల్‌లో పొద్దున్నే లేచి వెళ్లి నీళ్లు పోయడానికి మాత్రం ఇద్దరు దొరకరు. తోట బతికినా ఎండినా ఆ ఇద్దరి దగ్గరే, అందుకే కింద మొక్కల గురించి ఎంత ఉందో మనుషుల గురించీ అంతే ఉంది, బోర్ కొట్టినా దాటేయకండి.

దీనికి వాక్యం ఏదని సంఘ పెద్దలు అడుగుతారు, ఆదికాండము 2:15 అందరికీ తెలిసిందే, దాంతో పాటు లేవీయకాండము 19:9-10 చూపించండి, పొలం అంచులు పూర్తిగా కోయకుండా బీదలకీ పరదేశులకీ వదలమని ఉంటుంది, రూతు పరిగె ఏరుకున్నది ఆ ఏర్పాటు వల్లే. నాకైతే యిర్మీయా 29:5-7 ఇంకా దగ్గరగా అనిపిస్తుంది, బబులోనుకి చెరగా పోయినవాళ్లకి అక్కడే తోటలు వేసుకోమనీ, ఆ ఊరి క్షేమం కోరమనీ రాసిన ఉత్తరం అది, తమది కాని ఊరు, తమ దేవుణ్ణి ఎరగని ఊరు. తోట ఎవరి కోసం అనే ప్రశ్నకి అక్కడే జవాబు దొరుకుతుంది. సరే, పనిలోకి వద్దాం.

ఏమేం కావాలి

మనుషులు: క్రమంగా వచ్చేవాళ్లు 8 నుంచి 10 మంది చాలు, వాళ్లలో కనీసం ఇద్దరు పెళ్లయి ఊళ్లోనే స్థిరపడ్డ పెద్దవాళ్లు ఉండాలి.

జాగా: మొదటి ఏడాదికి ఒక సెంటు చాలు, అంటే 435 చదరపు అడుగులు, పావు ఎకరం ఇస్తామన్నా ఆశపడొద్దు.

పనిముట్లు: రెండు పారలు, ఒక గడ్డపార, రెండు మూడు కొడవళ్లు, కలుపు తీయడానికి బొరిగెలు, తట్టలు, చిల్లుల మూతి ఉన్న నీళ్ల క్యాను ఒకటి. కొనక్కర్లేదు, సంఘంలో రైతులు ఉంటారు, అడిగితే ఇస్తారు, కానీ ఎవరి పార ఎవరిదో పిడి మీద పెయింట్‌తో పేరు రాయండి, పనిముట్లు పోతే వచ్చే గొడవలు చిన్నవి కావు.

ఎరువు: బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు, కొంచెం వేపపిండి.

ఇవి కాక చేతి గ్లౌజులు, బూట్లు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, తాగే నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక లాంగ్ నోట్‌బుక్. నోట్‌బుక్ ఎందుకని నవ్వకండి, చివర్లో చెప్తా.

1. తినేవాళ్లని ముందు కలవండి

జాగా చూడకముందే ఈ పని చేయాలి, ఎక్కువమంది దీన్నే దాటేస్తారు. అంగన్‌వాడీ, ప్రభుత్వ స్కూలు, సంక్షేమ హాస్టలు, వృద్ధాశ్రమం, లేదా కాలనీవాళ్లే కలిసి చేసుకుంటున్న తోట, ఏదైనా సరే అక్కడ వంట చేసే అక్కతో కూర్చోండి. పిల్లలు ఏం తింటారు, ఏం వదిలేస్తారు, ఏ కూర తరగడానికి టైం ఎక్కువ పడుతుంది, వారంలో ఏ రోజు కూరగాయలకి ఇబ్బంది అవుతుంది, ఇవన్నీ ఆవిడకే తెలుసు. మనం ఉత్సాహంగా వంద కాకరకాయలు పట్టుకెళ్తే ఆరేళ్ల పిల్లలు ముట్టుకోరు. వృద్ధాశ్రమంలో పళ్లు లేనివాళ్లకి గోరుచిక్కుడు కంటే సొరకాయ, పాలకూర నయం.

లెక్క కూడా వేసుకోండి. మధ్యాహ్న భోజనం నిబంధన ప్రకారం ప్రైమరీ పిల్లలకి రోజుకి 50 గ్రాములు, అప్పర్ ప్రైమరీ వాళ్లకి 75 గ్రాములు కూరగాయలు పెట్టాలి, అంటే వంద మంది చిన్నపిల్లలున్న బడికి రోజుకి 5 కిలోలు. ఒక సెంటు తోట ఇది రోజూ ఇవ్వలేదు. కాబట్టి "మీ కూరగాయల ఖర్చు మొత్తం మేం చూసుకుంటాం" అని మాట ఇవ్వకండి. "వారంలో ఒకరోజు పప్పులోకి ఆకుకూర మా బాధ్యత" అని చెప్పండి, అది నిలబెట్టుకోగలరు.

2. పర్మిషన్ కాగితం మీద తీసుకోండి

స్కూలైతే హెడ్మాస్టర్‌కీ స్కూల్ కమిటీకీ, హాస్టలైతే వార్డెన్‌కీ, అంగన్‌వాడీ అయితే టీచరమ్మతో పాటు సూపర్‌వైజర్‌కీ లెటర్ పెట్టండి. బడుల్లో పెరటి తోటల కోసం కేంద్ర విద్యాశాఖ 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, అంగన్‌వాడీల్లో పోషణ వాటికలనే కూరగాయల తోటలు ఉన్నాయి, అంటే మీరు అడుగుతున్నది కొత్త విషయమేం కాదు, ఆ మాట లెటర్‌లో రాస్తే పని తేలికవుతుంది. నోటిమాట మీద మొదలుపెడితే హెడ్మాస్టర్ ట్రాన్స్‌ఫర్ అయిన రోజు మీ తోట పార్కింగ్ అయిపోతుంది. చర్చి స్థలంలో వేసినా సరే, పాస్టర్ గారు ఊ అన్నారని ఆగకుండా కమిటీలో పెట్టి మినిట్స్‌లో రాయించండి.

ఇక్కడే కొంచెం ఘాటుగా ఒక మాట. ప్రభుత్వ బడిలో, హాస్టల్లో కరపత్రాలు పంచకండి, బ్యానర్ కట్టకండి, పిల్లల్ని నిలబెట్టి ప్రార్థన చేయించకండి, ప్రార్థన చర్చిలో చేసుకుని రండి. కూరగాయలకి ఏ షరతూ ఉండకూడదు, ఫలానా వాళ్లకి ముందు ఇవ్వాలి అనే మాటే రాకూడదు. ఎవరైనా వచ్చి "మీరెందుకు ఇంత కష్టపడుతున్నారు బాబూ" అని అడిగితే అప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అడగనివాళ్లకి టమాటాలే ఇవ్వండి. కుడిచేయి చేసేది ఎడమచేయికి తెలియకూడదన్న మాట (మత్తయి 6:3) ఫేస్‌బుక్ లైవ్‌కీ వర్తిస్తుంది. పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు పెట్టనే పెట్టొద్దు.

3. జాగాని పరీక్షించండి

ఎండ: పొద్దున 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి వెళ్లి చూడండి. కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడాలి. పడకపోతే కాయకూరలు మానేసి ఆకుకూరలకే పరిమితం అవ్వండి.

నీళ్లు ఇంకడం: అడుగు లోతు గుంట తీసి నిండా నీళ్లు పోయండి, ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీళ్లు నాలుగైదు గంటల్లో ఇంకితే మంచిదే. తెల్లారేదాకా నిలిచి ఉంటే మళ్లు ఎత్తుగా కట్టాలి, నల్లరేగడిలో దాదాపు ఇంతే. ఎర్రనేల అయితే ఇట్టే ఇంకిపోతుంది, దానికి ఎరువూ మల్చింగూ (మొదళ్ల చుట్టూ గడ్డీ ఆకులూ పరవడం) ఎక్కువ కావాలి.

నీళ్ల రుచి: బోరు నీళ్లు ఉప్పగా ఉంటే, ఆరిన చోట తెల్లగా పొర కడుతుంటే చిక్కుడు జాతి జోలికి వెళ్లకండి, అవి ఉప్పుకి తట్టుకోవు. పాలకూర, బీట్‌రూట్ కొంచెం ఓర్చుకుంటాయి. మురుగు కాలవ నీళ్లు మాత్రం ఎవరు ఎంత సారం అని చెప్పినా వద్దు, పచ్చిగా తినే కొత్తిమీరకి అసలే వద్దు.

పాత చెత్త: బిల్డింగ్ కట్టి మిగిలిన సిమెంటు, పెయింటు డబ్బాలు, గాజు పెంకులు, సిరంజీలు పడేసిన చోటైతే ఇంకో జాగా అడగండి. వేరే దారి లేకపోతే కింద మట్టిని వాడకుండా గ్రోబ్యాగులు, సిమెంటు తొట్లు పెట్టి బయటి మట్టితో నింపుకోండి, ఖర్చవుతుంది కానీ అది సురక్షితం.

కంచె: మేకలు, పందులు, గేదెలు వస్తాయి, కంచె లేకుండా విత్తనం వేయొద్దు. కోతులున్న ఊరైతే (తెలంగాణలో చాలా ఊళ్లు ఇంతే) టమాట, వంకాయ, సొరకాయ మీద ఆశ పెట్టుకోకుండా గోంగూర, తోటకూర లాంటివి వేసి కొన్నాళ్లు చూడండి. నెట్ కట్టినా కోతి ఆగుతుందని గ్యారంటీ ఇవ్వలేను.

4. వంతుల పట్టీ వేయండి

నాటడానికి ముందే వేయాలి, తర్వాత కాదు. ఇద్దరిద్దరు జతగా, వారంలో ఏ రోజు ఏ జత వెళ్తుందో రాసి గ్రూపులో పిన్ చేయండి. ఆదివారం పొద్దున ఆరాధన ఉంటుంది కదా, ఆరోజు నీళ్లు ఎవరు పోస్తారో ముందే తేల్చుకోండి, మే నెల ఆదివారాల్లోనే మొక్కలు ఎక్కువ పోతాయి. శనివారం సాయంత్రం కూడిక ముందు ఒక గంట అందరూ కలిసి పనిచేసేలా పెట్టుకుంటే కలుపు పేరుకోదు.

ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్: ఇంటర్, టెన్త్, డిగ్రీ పరీక్షలు, ఆ వెంటనే వీబీఎస్ (పిల్లలకి వేసవి సెలవుల బైబిల్ తరగతులు). యూత్ మాయమయ్యేది అప్పుడే. ఆ మూడు నెలలకి స్త్రీల సమాజం అక్కయ్యల్ని జనవరిలోనే అడిగి పెట్టుకోండి, లేదా తోటని సగానికి కుదించండి. తోట చిన్నదైతే సిగ్గేం లేదు, ఎండిపోతే మాత్రం మళ్లీ ఇంకో యూత్ వెళ్లి అడిగినా ఆ వార్డెన్ జాగా ఇవ్వడు.

18 లోపువాళ్లు ఉంటే అమ్మానాన్నల సంతకం తీసుకోండి, చిన్నపిల్లలున్న చోటికి ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఆడపిల్లలు వస్తున్నారంటే అక్కడ టాయిలెట్ ఉందో లేదో ముందు చూడండి, ఇది ఎవరూ అడగరు, వాళ్లు మాత్రం రెండో వారం నుంచి రావడం మానేస్తారు.

5. నేల సిద్ధం చేయండి

ముందు కలుపు. వయ్యారిభామ ఉంటే పూత రాకముందే గ్లౌజులు వేసుకుని వేళ్లతో పీకాలి, చాలామందికి దాంతో చర్మం దురద, తుమ్ములు వస్తాయి, ఆస్తమా ఉన్నవాళ్లని ఆ పనికి పంపకండి. తుంగని పైపైన కోస్తే లాభం లేదు, కింద గడ్డలు తవ్వి తీయాలి, అయినా మళ్లీ వస్తుంది.

చిన్న విషయం, పీకేముందు ఊళ్లో పెద్దావిడని ఎవరినైనా పిలిచి చూపించండి. గంగవాయిలు, పొన్నగంటి, గలిజేరు కూడా మనవాళ్లు కలుపనుకుని పీకి పారేస్తుంటారు, ఆవిడ అయితే ఒళ్లో వేసుకుని వెళ్లి పప్పులో వేస్తుంది. విత్తకుండా వచ్చిన మొదటి పంట అదే అవుతుంది.

తర్వాత అడుగు లోతు తవ్వి రెండు మూడు రోజులు ఎండనివ్వండి. మడి వెడల్పు మూడడుగులు దాటొద్దు, ఎందుకంటే రెండు వైపుల నుంచీ చేయి మధ్యకి అందాలి, మడిలో కాలు పెట్టకూడదు. మడికీ మడికీ మధ్య అడుగున్నర దారి వదలండి. నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు తవ్వొద్దు, ఆరాక గడ్డలు ఇటుకల్లా అయిపోతాయి.

చదరపు మీటరుకి రెండు మూడు కిలోల మాగిన ఎరువు, ఒక గుప్పెడు వేపపిండి కలపండి. ఎరువు మాగిందో లేదో చూడటం తేలిక: చేత్తో పట్టుకుంటే చల్లగా ఉండాలి, పేడ వాసన రాకూడదు, టీపొడిలా పొడిపొడిగా రాలాలి. పచ్చి పేడ వేస్తే వేళ్లు మాడతాయి, చెదలు వస్తాయి, కలుపు విత్తనాలూ వస్తాయి. ఎవరో ట్రాక్టర్ పచ్చి పేడ కానుకగా తోలిస్తే వద్దనకండి, ఓ మూల కుప్పపోసి తడిపి కప్పి ఉంచండి, వచ్చే సీజన్‌కి పనికొస్తుంది.

6. ఏం వేయాలి

జూన్, జూలైలో: బెండ, గోరుచిక్కుడు, గోంగూర, తోటకూర, కంచె మీదకి బీర, సొర. పాదు చిక్కుడు కూడా ఇప్పుడే పెట్టాలి, కాయలు చలికాలంలో వస్తాయి.

అక్టోబర్, నవంబర్‌లో: టమాట, వంగ, పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా సలహా ఈ సీజనే, ఎండ తక్కువ, పురుగు తక్కువ, మీ ఉత్సాహం చచ్చిపోయేలోపు పంట చేతికొస్తుంది.

జనవరి చివర, ఫిబ్రవరిలో: దోస, సొర, బచ్చలి, తోటకూర, వేసవికి. నీళ్లు గ్యారంటీగా ఉంటేనే.

మొదటి నెలలో ఆకుకూరలు తప్పకుండా వేయండి. మెంతి మూడు వారాలకి, తోటకూర 25-30 రోజులకి, పాలకూర ఇంకొంచెం ఆగి కోతకొస్తాయి, బెండ 45-50 రోజులు, టమాట నారు నాటాక రెండు నెలల పైనే. అన్నీ టమాటా, వంగే వేస్తే రెండు నెలలు ఖాళీ చేతులతో ఇంటికెళ్లాలి, పిల్లలు విసిగిపోతారు. కంచె పక్కన ఒక మునగ, రెండు కరివేపాకు మొక్కలు పెట్టండి, అవి మీ తర్వాత వచ్చే యూత్‌కి కూడా ఉంటాయి. మునగ కొమ్మ పెళుసు, పిల్లలు ఎక్కకుండా చూడాలి.

7. విత్తడం

బెండ గింజలు రాత్రి నానబెట్టి పొద్దున వేయండి, అంగుళం లోతు, మొక్కకీ మొక్కకీ అడుగు దూరం, సాలుకీ సాలుకీ అడుగున్నర నుంచి రెండడుగులు. తోటకూర విత్తనం చాలా సన్నం, అలాగే చల్లితే ఒక్కచోటే ముద్దగా పడుతుంది, నాలుగు రెట్లు ఇసుక కలిపి చల్లి పైన పల్చగా మట్టి కప్పండి. మిగతావాటికి విత్తనం సైజుకి రెండింతలు లోతు అని గుర్తుపెట్టుకోండి చాలు. వంగ, టమాట నారు నర్సరీలో కొనండి, మొదటిసారే నారు పోసుకోవద్దు. నాటడం సాయంత్రం పూట.

షాపు విత్తనాలు గులాబీ రంగులోనో నీలంగానో ఉంటే వాటికి మందు పట్టించారని అర్థం, పిల్లల చేతికి ఇవ్వొద్దు, నానబెట్టొద్దు, వేసినవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, మిగిలినవి వంటగది వైపు వెళ్లకూడదు.

చేసే తప్పు ఒకటే, దగ్గరదగ్గరగా వేసి మొలిచాక పీకడానికి మనసొప్పకపోవడం. పీకాలి. పీకిన తోటకూర మొలకలు కూర వండుకోవచ్చు, బాధపడొద్దు.

8. నీళ్లు

రోజుకి ఇన్ని బిందెలు అని లెక్క అడుగుతారు, లెక్కేం లేదు. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో పెట్టి చూడండి, తడి తగిలితే ఈరోజు వద్దు, పొడిగా ఉంటే పోయండి. పైపైన రోజూ చిలకరించే కంటే ఒకరోజు వేరు దాకా తడిసేలా పోసి మర్నాడు వదిలేయడం మేలు, ఏప్రిల్, మేలో మాత్రం ఆకుకూరలకి రోజూ కావాలి. పొద్దున్నే పోయండి. వరిగడ్డి, ఎండుటాకులు, వేరుశనగ పొట్టు ఏది దొరికితే అది రెండు అంగుళాలు మొదళ్ల చుట్టూ పరవండి, కాండానికి ఆనకుండా. సగం నీళ్లు మిగులుతాయి అనిపిస్తుంది, చెదలు కనబడితే తీసేయండి.

నీళ్ల డ్రమ్ముకి గుడ్డ కట్టి మూత పెట్టండి. మన దగ్గర శుక్రవారం డ్రై డే అంటారు కదా, ఆ రోజు డ్రమ్ము వంచేసి లోపల బ్రష్‌తో రుద్దాలి, దోమ గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు చాలు. పిల్లలకి కూర ఇవ్వబోయి డెంగీ ఇచ్చినట్టవుతుంది.

9. పురుగులొస్తే

ఇక్కడ ఒకే ఒక్క కఠినమైన రూలు. బడి, హాస్టల్, అంగన్‌వాడీ ఆవరణలోకి పురుగుమందు డబ్బా, ఖాళీది కూడా, రాకూడదు. 2013 జూలైలో బీహార్ సారణ్ జిల్లా గండామన్ బడిలో మధ్యాహ్న భోజనంలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ మందుని కూరగాయల మీద వాడకూడదని మన దేశంలో 2005 నుంచే నిషేధం ఉంది. సంఘంలో రైతన్న ప్రేమగా "నా దగ్గర మిగిలింది, ఒక్కసారి కొడితే పోతుంది" అంటాడు, దండం పెట్టి వద్దనండి.

దానికి బదులు ఇవి:

పేనుబంక చిక్కుడు చివర్లకి నల్లగా పట్టేస్తే నీళ్లు గట్టిగా కొట్టి కడిగేయండి, బాగా పట్టిన చివర్లు తుంచేయండి.

వంగ చివరి కొమ్మ వాడి వేలాడుతుంటే లోపల తొలుచు పురుగు ఉన్నట్టే, అక్కడికి ఒక అంగుళం కిందకి కోసి బయట నాశనం చేయండి, వారానికోసారి ఈ పని చేస్తే కాయలు దక్కుతాయి.

బెండ ఆకు ఈనెలు పసుపైతే అది పల్లాకు తెగులు, తెల్లదోమ మోస్తుంది, ఆ మొక్క బాగుపడదు, జాలిపడకుండా పీకేయండి, మిగతావాటి మధ్య పసుపు జిగురు అట్టలు కట్టండి.

బీర, సొర పిందెలు వంకరపోయి కుళ్లుతుంటే పండు ఈగ. రాలినవి నేల మీద వదలకుండా ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి ఎండలో పడేయండి.

పైవేవీ పనిచేయకపోతే వేపనూనె లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు, రెండు మూడు చుక్కలు సబ్బు ద్రావణం, సాయంత్రం ఆకు అడుగున కొట్టండి. ముందు ఒక్క మొక్క మీద కొట్టి మర్నాడు ఆకు మాడలేదని చూసుకుని అప్పుడు మిగతావాటికి. కొట్టాక నాలుగైదు రోజులు ఆగి కోయండి. జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం కలిపి మాగబెట్టే ద్రావణం) వాడేవాళ్లు మొక్క మొదట్లో పోయండి, కోయబోయే ఆకుకూర మీద చల్లకండి, అందులో ఉన్నది పేడే కదా.

రాళ్లూ గడ్డీ కదిలించేటప్పుడు కర్రతో చప్పుడు చేసి కదిలించండి. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం, మంత్రం, "ప్రార్థన చేసి చూద్దాం" అని ఆగడం ఏవీ వద్దు, కరిచిన చేయో కాలో కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేసి గవర్నమెంట్ ఆసుపత్రికి, ప్రార్థన బండిలో చేయండి. గునపం, మేకు గుచ్చుకుంటే టీటీ ఇంజెక్షన్.

10. కోత, పంపకం

బెండ రెండు రోజులకోసారి కోయాలి, శనివారం దాకా ఆగితే ముదిరి పీచైపోతుంది. ఆకుకూర పొద్దున్నే కోసి తొమ్మిదిలోపు వంటగదికి చేర్చండి, తడిగుడ్డ కప్పి. ముదిరినవి, పుచ్చువి వేరు చేసి కంపోస్టుకి వేయండి, ఇవ్వడానికి ముందు "ఇది మా అమ్మ వండుతుందా" అని చూడండి. ఫ్రీగా ఇస్తున్నాం కదా అని పుచ్చు వంకాయలు ఇవ్వడం సేవ కాదు.

ప్రతి కోతా తూకం వేసి నోట్‌బుక్‌లో తేదీ, కూర, బరువు, ఎవరికిచ్చాం, తీసుకున్నవాళ్ల సంతకం. "తోటలో కాసినవన్నీ యూత్‌వాళ్లు ఇళ్లకి పట్టుకెళ్తున్నారు" అనే మాట ఏదో ఒకరోజు వస్తుంది, ఆరోజు పుస్తకం తెరిచి చూపిస్తే సరిపోతుంది. పనిచేసినవాళ్లు ఇంటికి తీసుకెళ్లొచ్చా అని అడుగుతారు, నా లెక్కలో పెట్టుకోవచ్చు, కానీ ఎంత అనేది ముందే అక్కడివాళ్లతో కలిసి తేల్చి మొదటి పేజీలో రాయండి. మీ సంఘంలో కోత పండుగ చేస్తే అక్కడ వేలం వేయడానికి ఒక గుమ్మడికాయో సొరకాయో పట్టుకెళ్లొచ్చు, ఆ డబ్బు విత్తనాలకీ పనిముట్లకీ అయితే బావుంటుంది, కాకపోతే అదీ వాళ్లకి చెప్పే చేయండి.

అంతా సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది

రెండు వారాలకి: మొలకలు ముప్పావు వంతు కంటే తక్కువ వచ్చాయంటే విత్తనం పాతదో, లోతు ఎక్కువైందో. తడి గుడ్డలో పది గింజలు చుట్టి పెట్టి చూడండి, ఆరేడు కూడా మొలకెత్తకపోతే ప్యాకెట్ మార్చేయండి.

నెలన్నరకి: కింది ఆకులు పసుపు పడుతుంటే ఎరువు చాలలేదు, లేదా నీళ్లు నిలుస్తున్నాయి, మొక్క మొదట్లో వేలు పెట్టి చూస్తే ఏదో తెలిసిపోతుంది. మొక్క ఏపుగా పెరిగి పూత లేకపోతే నీడ ఎక్కువ, లేదా ఎరువు ఎక్కువైంది.

మూడు నెలలకి వంట అక్కనే అడగండి, "మేం తెచ్చింది మీ పని తగ్గించిందా పెంచిందా" అని. మట్టితో ఉన్న పాలకూర పది కట్టలు పడేసి వస్తే ఆవిడకి రెండు గంటల పని పెట్టినట్టే, కడిగి ఇవ్వండి, వీలైతే ఇద్దరు కూర్చుని ఒలిచి ఇవ్వండి. పిల్లల కంచాల్లో ఏం మిగులుతుందో కూడా ఒకరోజు చూసి రండి. వంతుల పట్టీలో గత నెల ఎన్ని ఖాళీలున్నాయో లెక్కపెట్టండి, మూడో వంతు దాటితే వచ్చే సీజన్‌లో ఒక మడి తగ్గించండి.

అమెరికాలో ఉన్నవాళ్లకి

అక్కడి తెలుగు చర్చిల పిల్లలూ అడుగుతుంటారు, వాళ్లకి పని వేరుగా ఉంటుంది. కమ్యూనిటీ గార్డెన్లు అక్కడ ముందే ఉంటాయి, ప్లాట్ అద్దెకి ఇస్తారు, వెయిటింగ్ లిస్ట్ ఉంటుంది. సియాటిల్ పీ-ప్యాచ్ తోటలు 1973 నుంచి నడుస్తున్నాయి, లేనివాళ్లకి ఉచితంగా ఆహారం పంచే ఫుడ్ బ్యాంకులకి కూరగాయలు ఇవ్వడం వాటి అలవాటు. కాబట్టి కొత్త తోట మొదలెట్టకుండా ఉన్నదాంట్లోకి వెళ్లి కోఆర్డినేటర్ చెప్పిన పని చేయండి, చెక్కపొట్టు పరవమంటే అదే పరవండి. మైనర్లకి వేవర్ (ఏదైనా జరిగితే తోటవాళ్లది బాధ్యత కాదనే కాగితం) సంతకాలు, స్కూల్ సర్వీస్ అవర్స్ కావాలంటే ఎవరు సంతకం పెడతారో ముందే అడగడం మర్చిపోవద్దు. చివరి మంచు తేదీ చూసుకోండి, డాలస్‌లో మార్చి చివర్లో నాటే టమాట న్యూజెర్సీలో మే దాకా ఆగాలి. ఫుడ్ ప్యాంట్రీకి మంచి మనసుతో ఇచ్చిన ఆహారం విషయంలో దాతలకి రక్షణ ఇచ్చే చట్టం అక్కడ 1996 నుంచి ఉంది, భయపడక్కర్లేదు, కానీ గోంగూర కట్టలు కట్టి పట్టుకెళ్లేముందు వాళ్లకి అది వండటం వచ్చో లేదో కనుక్కోండి, రాకపోతే దోసకాయ, బెండకాయ నయం.

సీజన్ అయ్యాక

బెండ, గోంగూర, తోటకూర, పాదు చిక్కుడుకి వచ్చే ఏడాది విత్తనం కొనక్కర్లేదు, మీరు వేసింది హైబ్రిడ్ కాకపోతే. ప్యాకెట్ మీద ఎఫ్1 అని ఉంటే హైబ్రిడ్, దాని గింజ దాస్తే తల్లి మొక్కలా రాదు. బాగా కాసిన, తెగులు లేని మొక్కలు రెండు మూడింటికి మొదట్లోనే ఎర్రదారం కట్టి వాటి కాయలు కోయకుండా వదిలేయండి. దారం ఎందుకో వంతుకొచ్చే అందరికీ చెప్పండి, చెప్పకపోతే ఎవరో ఒకరు శ్రద్ధగా కోసేస్తారు. కాయ చెట్టు మీదే ఎండి గలగలమన్నాక కోసి, నీడలో వారం ఆరబెట్టి, బూడిదో ఎండు వేపాకో కలిపి గాజు సీసాలో మూత బిగించి, పేరూ నెలా రాసిన కాగితం సీసా లోపలే వేయండి. బయట అంటించిన కాగితాన్ని పాస్టరమ్మగారి ఇంట్లో బొద్దింకలు తినేస్తాయి.